ఎండలో పని: సైట్లలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడ చుట్టుపక్కల భవన నిర్మాణ సైట్లలో సేఫ్టీ చూస్తుంటాను. ఎండలు ముదిరితే మేస్త్రీల దగ్గర, సూపర్‌వైజర్ల దగ్గర ఏటా ఇవే మాటలు వింటాను.

అపోహ: వయసులో ఉన్న కుర్రాడు, వాడికి ఎండ ఏం చేస్తుంది?

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ ఆ కుర్రాడి గురించే. ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. అప్పటికి గానీ చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం మొదలుకాదు. కండబలంతో ఇది రాదు. పనిచోట వడదెబ్బ చావులు ఎక్కువగా చేరిన మొదటి రోజుల్లోనే జరుగుతాయి. కొత్తవాడికి మొదటిరోజు ఎండలో ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకో వంతు పెంచాలి. పాతవాడే అయినా, పెళ్లికని ఊరెళ్లి రెండు వారాలుండి వస్తే మొదటిరోజు సగం పనే. శ్లాబు రోజున మనుషులు చాలలేదని అడ్డా మీద నుంచి కొత్తవాళ్లను తెచ్చి మిట్టమధ్యాహ్నం కాంక్రీటు మోయిస్తారే, నా భయమంతా అక్కడే.

అపోహ: చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే.

వాస్తవం: ఈ మాట ప్రాణం తీస్తుంది. బరువు పని చేస్తూ పడిపోయినవాడి ఒళ్లు చెమటతో తడిసి ముద్దయి ఉండొచ్చు. మీరు వాడి మాట చూడండి. పొంతన లేకుండా మాట్లాడినా, ఊరికే కోప్పడినా, తూలినా వడదెబ్బే అనుకోండి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు నీడకు చేర్చి, బూట్లు, చొక్కా తీసి, క్యూరింగ్ పైపుతో, అంటే కాంక్రీటు తడిపే నీళ్ల పైపుతో, ఒళ్లంతా తడుపుతూ గాలి విసరాలి. ఎండలో పడున్న పైపులో ముందు వేడినీళ్లు వస్తాయి, వాటిని బయటికి వదిలేయండి. అంబులెన్స్ వచ్చేదాకా తడపడం ఆపొద్దు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

అపోహ: ఇవాళ 38 డిగ్రీలే, పర్వాలేదు.

వాస్తవం: చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. కోస్తా ఉక్కపోతలో అది ఆరదు.

అపోహ: దాహమైతే వాళ్లే తాగుతారు.

వాస్తవం: దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. పావుగంటకో, ఇరవై నిమిషాలకో గ్లాసెడు తాగించాలి. గంటకు లీటరున్నర దాటకూడదు. చాలా సైట్లలో ఆడకూలీలు దాహమైనా నోరు కట్టుకుంటారు, ఎందుకంటే వెళ్లడానికి మరుగుదొడ్డి ఉండదు. ఎండాకాలానికి ముందు దేనికి ఖర్చు పెట్టాలని ఒక బిల్డర్ అడిగితే, ముందు ఆడవాళ్లకు తలుపు గడియ పడే టాయిలెట్లు రెండు కట్టించమన్నాను.