డోపింగ్‌కు రూలుంది, మూగజీవాల హింసకు లేదు

2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో మొదట కాంస్యం గెలిచింది. స్వర్ణం అందుకున్న నైజీరియా లిఫ్టర్ డోప్ పరీక్షలో దొరికిపోవడంతో అది రజతమైంది. నిషేధించిన మందు వాడితే ఏమవుతుందో, ఎన్నాళ్లకు తిరిగి బరిలోకి దిగవచ్చో ముందే రాసిపెట్టి ఉంది కాబట్టి ఎవరి దయాదాక్షిణ్యాలతోనూ పని లేకపోయింది.

అదే, జంతువుల్ని చిత్రహింస పెట్టి కోర్టులో దోషిగా తేలిన ఆటగాణ్ని మళ్లీ జట్టులోకి తీసుకోవచ్చా అంటే, అలాంటి లెక్క లేదు. ఆ పూట పెద్ద కుర్చీలో ఎవరుంటే వాళ్ల మాటే రూలు.

ఈ చర్చ గట్టిగా మొదలైంది అమెరికాలో, మైకేల్ విక్ కేసుతో. అక్కడి ఫుట్‌బాల్‌లో (బంతిని చేత్తో విసిరే ఆట అది) అట్లాంటా జట్టుకు అతను ప్రధాన ఆటగాడు. 2004లో పదేళ్లకు 13 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. 2007 ఏప్రిల్‌లో వర్జీనియాలోని అతని స్థలంలో పోలీసులు సోదా చేస్తే యాభైకి పైగా కుక్కలు బయటపడ్డాయి. చాలావాటిని భూమిలో పాతిన కారు ఇరుసులకు గొలుసులతో కట్టేసి ఉంచారు. పోట్లాట పందేలకు పనికిరావని తేల్చిన కుక్కల్ని ఉరివేసి, నీళ్లలో ముంచి చంపారు. అందులో తన పాత్ర ఉందని విక్ ఒప్పుకున్నాడు. ఇవి చదివాక అతని ఆట గురించి మాట్లాడబుద్ధి కాదు.

23 నెలల జైలు శిక్ష పడింది. మిగిలిన కుక్కల పోషణకు సుమారు 9 లక్షల 28 వేల డాలర్లు కట్టమన్నారు. 2008లో దివాలా తీశాడు. 2009 జులైలో శిక్ష ముగిసిన వారానికే ఆ ఫుట్‌బాల్ లీగ్ అధిపతి (కమిషనర్) రోజర్ గూడెల్ షరతులతో తిరిగి రానిచ్చారు. ఆగస్టులో ఫిలడెల్ఫియా జట్టు తీసుకుంది. 2010 సీజన్‌కు ‘పునరాగమన ఆటగాడు’ అవార్డు కూడా ఇచ్చారు. జంతు సంక్షేమ సంస్థతో కలిసి కుక్కల పందేలకు వ్యతిరేకంగా ప్రచారం చేశాడు, చట్టాన్ని బిగించమని 2011లో ఆ దేశ రాజధానికి వెళ్లి అడిగాడు. మనసు మారిందా, మళ్లీ ఆడటానికి చేశాడా అన్నది బయటివాళ్లం తేల్చలేం. శిక్ష అనుభవించాడు, కుక్కల ఖర్చు భరించాడు. ఆ రెండూ అయ్యాకే మైదానంలోకి వచ్చాడు. నా లెక్కలో అదే ముఖ్యం.

ఇంగ్లండ్‌లో కర్ట్ జూమా సంగతి దీనికి తలకిందులు. 2022 ఫిబ్రవరిలో ఈ వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ (కాలితో ఆడేది) క్లబ్ డిఫెండర్ తన పెంపుడు పిల్లిని తన్నుతున్న వీడియో బయటికొచ్చింది. మర్నాడు మ్యాచ్‌లో అతన్నే దింపారు. క్లబ్ రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా వేసింది, అడిడాస్ కంపెనీ అతనితో ప్రచార ఒప్పందం వదులుకుంది. కోర్టు 180 గంటల సమాజసేవ, అయిదేళ్లపాటు పిల్లుల్ని పెంచకూడదన్న నిషేధం విధించింది. అప్పుడు జట్టులో స్థానం మాత్రం పదిలంగానే ఉండిపోయింది. వెళ్లనేలేదు కాబట్టి ‘తిరిగి రావడం’ అన్న ప్రశ్నే రాలేదు. నాకు విక్ కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది.

పెద్దల ఇష్టానికి ఆటగాణ్ని వదిలేస్తే ఏమవుతుందో విజయనగరానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1936 ఇంగ్లండ్ పర్యటనలో భారత క్రికెట్ జట్టు కెప్టెన్ మన విజ్జీ, మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు. క్రమశిక్షణ లేదంటూ, మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. ఆ అమర్‌నాథే 1947లో ఆస్ట్రేలియాకు భారత కెప్టెన్‌గా వెళ్లాడు. అమర్‌నాథ్‌ది హింస కేసు కాదు, నిజమే. ఒకచోట మాట తేడా వస్తే ఓడ ఎక్కించారు, ఇంకోచోట పిల్లిని తన్నినవాణ్ని మర్నాడే ఆడించారు. రాసిపెట్టిన కొలత లేకపోతే ఇలాగే ఉంటుంది.

ఇక మన చట్టం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం కూడా ఈ చట్టం కిందే నేరం. అయినా సంక్రాంతి వస్తే తోటల్లో కోడి కాలికి కత్తి పెట్టి, దారం బిగించి బరిలోకి వదులుతూనే ఉన్నారు. చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. కానీ కొట్టి వదిలేసిన కేసు ఆ యాభై రూపాయల దగ్గరే ఆగుతుంది. అంత చిన్న జరిమానాతో బయటపడ్డ లిఫ్టర్‌ని పోటీకి రానివ్వాలా వద్దా అని ఏ క్రీడా సంఘం కూర్చుని ఆలోచిస్తుంది?

దోషిగా తేలినవాణ్ని జీవితాంతం వెలివేయాలని నేను అనను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆట మీదే ఉద్యోగం, ఉద్యోగం మీదే ఇల్లు నడిచే పిల్లలు ఎందరో ఉన్నారు. అయితే శిక్ష పూర్తయ్యేదాకా ఆట ఆపాలి. గాయపడ్డ జంతువు వైద్యానికి, మేతకు అయ్యే ఖర్చు అతనే పెట్టుకోవాలి. కొన్నేళ్లు ఏ జంతువునూ పెంచకూడదు. రెండోసారి చేస్తే తిరిగి రావడమే లేదు. డోపింగ్ నిబంధనల పక్కనే ఈ నాలుగూ రాసి, పిల్లవాడు సంఘంలో పేరు నమోదు చేసుకునే రోజే చదివించి సంతకం తీసుకోవాలి. మన దగ్గర అలాంటి కేసు ఒకటి వచ్చిపడకముందే ఆ పని చేయాలి.