రొమానోవ్ వంశానికి పెద్ద ఎవరు? ఒక వారసత్వ వివాదం వెనుక నాలుగు శతాబ్దాల చరిత్ర

1998 జూలై 17న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పీటర్-పాల్ కోట చర్చిలో తొమ్మిది శవపేటికలను సమాధి చేశారు. రష్యా చివరి చక్రవర్తి రెండవ నికోలస్, ఆయన భార్య అలెగ్జాండ్రా, వారి ముగ్గురు కుమార్తెలు, వారితోపాటే హతులైన వైద్యుడు, ముగ్గురు పరిచారకుల అస్థికలు వాటిలో ఉన్నాయి. యెకాతెరిన్‌బర్గ్‌లో బోల్షెవిక్కులు వారిని కాల్చి చంపి ఆ రోజుకు సరిగ్గా 80 ఏళ్లు. అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ స్వయంగా వచ్చి మృతుల ముందు తల వంచారు. పలు దేశాల నుంచి వచ్చిన రొమానోవ్ వారసులకు పెద్దగా నికోలాయ్ రొమానొవిచ్ నిలిచారు. వంశాధిపత్యం తనదేనని చెప్పే మరియా వ్లాదిమిరోవ్నా మాత్రం రాలేదు. అస్థికలు నిజంగా జార్ కుటుంబానివేనా అన్న సందేహం తీరని రష్యన్ ఆర్థడాక్స్ చర్చి అధిపతి కూడా హాజరు కాలేదు.

సింహాసనం పోయి అప్పటికి ఎనిమిది దశాబ్దాలు దాటింది, రష్యా చట్టంలో ఏ రాజబిరుదుకూ విలువ లేదు, అయినా ఆ ఇంటికి పెద్ద ఎవరన్న ప్రశ్న సమాధి దగ్గర కూడా బంధువులను కలవనివ్వలేదు. ఈ తగవును అహంకారాల పోరుగా కొట్టిపారేయడం తేలికే గాని, దాని వేళ్లు 1797 నాటి ఒక శాసనంలో, అంతకు ముందు రక్తసంబంధం తెగిన ఒక వంశానికి అదే ఇంటిపేరు నిలబెట్టిన తీరులో ఉన్నాయి.

రొమానోవులు పద్నాలుగో శతాబ్దంలో మాస్కో కొలువులో ఉన్న ఆంద్రేయ్ కొబిలా అనే సామంతుణ్ణి మూలపురుషుడిగా చెప్పుకుంటారు. వారికి రాచరికపు దారి తెరిచింది ఒక పెళ్లి. 1547లో నాలుగవ ఇవాన్, అంటే ఇవాన్ ది టెరిబుల్, ఈ కుటుంబపు ఆడపడుచు అనస్తాసియాను వివాహమాడాడు. వారి కుమారుడు ఫ్యోదర్ 1598లో వారసుడు లేకుండా చనిపోవడంతో మాస్కో పాత రాజశాఖ అంతరించింది. తరువాత పదిహేనేళ్లు దొంగ జార్లతో, పోలిష్ సేనలతో రష్యా అల్లకల్లోలమైంది. చివరికి 1613లో దేశ ప్రతినిధుల సభ పదహారేళ్ల మిఖాయిల్ రొమానోవ్‌ను జార్‌గా ఎన్నుకుంది. ఆ కుర్రవాడి తండ్రి ఫిలారెట్ జార్ ఫ్యోదర్‌కు స్వయానా మేనమామ కొడుకు. అంటే ఈ వంశం గద్దెనెక్కడానికి చూపిన చుట్టరికమే ఆడవారి వైపు నుంచి వచ్చింది. తరువాతి వాదాలను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మిఖాయిల్ మనవడు పీటర్ ది గ్రేట్. తన సంస్కరణలను వ్యతిరేకించిన కుమారుడు అలెక్సేయ్‌ని ఆయన బంధించగా, ఆ యువరాజు 1718లో పీటర్-పాల్ కోటలోనే మరణించాడు. నాలుగేళ్ల తరువాత, 1722లో, వారసుణ్ణి ఎంచుకునే అధికారం పాలకుడిదేనని, ఆ విషయంలో జన్మక్రమానికి కట్టుబడనక్కరలేదని పీటర్ శాసనం చేశాడు. ఆ అధికారాన్ని వాడుకోకుండానే 1725లో కన్నుమూశాడు. ఆయన భార్య మొదటి కాథరిన్, ఆమె తరువాత మనవడు రెండవ పీటర్ పాలించారు. ఆ బాలుడు 1730లో మశూచితో చనిపోగానే మిఖాయిల్ మగ సంతతి అంతమైంది. కచ్చితంగా లెక్కిస్తే మగ వరుసలో రొమానోవ్ రాజవంశం ముగిసింది అక్కడే.

తరువాతి మూడు దశాబ్దాలు సింహాసనం అంగరక్షక దళాల చేతిలో ఉంది. పీటర్ అన్న కూతురు అన్నా, ఆమె తరువాత పసిబాలుడైన ఆరవ ఇవాన్, అతణ్ణి దించి పీటర్ కూతురు ఎలిజబెత్ వరుసగా వచ్చారు. సంతానం లేని ఎలిజబెత్ తన అక్క కొడుకును జర్మనీలోని కీల్ నుంచి రప్పించింది. అతడు హోల్‌స్టీన్-గొట్టార్ప్ ప్రభువు కుమారుడు, పీటర్ ది గ్రేట్‌కు దౌహిత్రుడు. ఆర్థడాక్స్ మతం పుచ్చుకుని మూడవ పీటర్‌గా సింహాసనమెక్కిన అతణ్ణి 1762లో ఆరు నెలలకే కూలదోసింది భార్య రెండవ కాథరిన్. ఆమె పుట్టుకతో జర్మన్ రాకుమారి. ఆమెకు రొమానోవుల రక్తసంబంధం లేదు, శాసనబద్ధమైన హక్కూ లేదు.

ఆ దంపతుల కుమారుడు పావెల్ నుంచే తరువాతి జార్లందరూ వచ్చారు. తండ్రి వరుసలో చూస్తే వారు హోల్‌స్టీన్-గొట్టార్ప్ వారు, అంటే ఓల్డెన్‌బర్గ్ వంశపు ఒక శాఖ. డెన్మార్క్ రాజులదీ, తండ్రి ఫిలిప్ వైపు నుంచి నేటి బ్రిటన్ రాజు చార్లెస్‌దీ అదే మూలం. రాజవంశాల వివరాలు ప్రచురించే జర్మన్ పంచాంగం గోథా అందుకే వీరిని హోల్‌స్టీన్-గొట్టార్ప్-రొమానోవ్ అని రాసేది. జార్లకు ఆ రాత నచ్చేది కాదు. పావెల్ అసలు తండ్రి ఆస్థానికుడు సెర్గేయ్ సాల్తికోవ్ కావచ్చునని కాథరిన్ తన జ్ఞాపకాల్లో సూచించింది. అది నిజమైతే రొమానోవ్ రక్తం ఆ పలుచని పాయగా కూడా మిగలదు. పావెల్ రూపం, స్వభావం మూడవ పీటర్‌నే పోలి ఉన్నాయని చాలామంది చరిత్రకారులు ఆ మాటను పక్కన పెట్టారు.

తల్లీకొడుకులకు మొదటి నుంచీ పడలేదు. తన తండ్రి ప్రాణం పోవడానికి, తనకు రావలసిన గద్దె మూడు దశాబ్దాలకు పైగా దక్కకపోవడానికి తల్లే కారణమని పావెల్ నమ్మాడు. తనను కాదని మనవడు అలెగ్జాండర్‌కు ఆమె రాజ్యం కట్టబెడుతుందన్న భయమూ ఉండేది. ఆ కసి 1797 ఏప్రిల్ 5న, మాస్కోలో పట్టాభిషేకం రోజున, శాసనరూపం దాల్చింది. పీటర్ ఇచ్చిన ఎంపిక అధికారం రద్దయింది. సింహాసనం పెద్ద కొడుకుకు, అతని మగ సంతతికి, ఆ తరువాత తమ్ముళ్ల మగ సంతతికి వరుసగా చెందాలి. మగవాళ్లంతా అంతరించినప్పుడే, చివరిగా పాలించిన చక్రవర్తికి దగ్గరి బంధువైన స్త్రీకి హక్కు కలుగుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో నలుగురు మహారాణులు ఏలిన రష్యాను ఆ తరువాత ఏ స్త్రీ పాలించలేదు. పావెల్ మాత్రం 1801లో తన సైనికాధికారుల చేతుల్లోనే హతుడయ్యాడు. కుట్ర పెద్ద కొడుకు అలెగ్జాండర్‌కు ముందే తెలుసు. శాసనం పుణ్యమా అని వారసుడెవరన్న ప్రశ్న మాత్రం తలెత్తలేదు.

పావెల్ రాయని ఒక షరతును 1820లో అలెగ్జాండర్ చేర్చాడు. తమ్ముడు కాన్‌స్టాంటిన్ జర్మన్ రాకుమారికి విడాకులిచ్చి పోలిష్ కులీన స్త్రీని పెళ్లాడబోతున్న సందర్భమది. రాజవంశాలకు చెందని వారిని పెళ్లాడితే వారికి గాని, పుట్టే బిడ్డలకు గాని రాజకుటుంబ హక్కులు సంక్రమించవని ప్రకటన వెలువడింది. కాన్‌స్టాంటిన్ సింహాసనాన్నే వదులుకున్నాడు. ఆ పత్రాన్ని రహస్యంగా దాచడం వల్ల 1825లో అలెగ్జాండర్ మరణించినప్పుడు దేశం ముందు కాన్‌స్టాంటిన్‌కు విధేయత ప్రకటించింది, ఆ తరువాత మొదటి నికోలస్‌కు మళ్లింది. ఆ సందిగ్ధంలోనే డిసెంబ్రిస్టులు అనే సంస్కరణవాద సైనికాధికారుల తిరుగుబాటు జరిగింది. ఒక వ్యక్తి పెళ్లి కోసం చేసిన ఆ చిన్న సవరణే నేటి వివాదమంతటికీ ఇరుసు.

మొదటి నికోలస్ నలుగురు కొడుకుల సంతతితో రాజకుటుంబం పెరిగిపోయి, ఖజానా మీద భారం పడింది. మూడవ అలెగ్జాండర్ 1886లో గ్రాండ్ డ్యూక్ బిరుదును చక్రవర్తుల కొడుకులకు, కొడుకుల కొడుకులకు పరిమితం చేసి, మిగతావారిని రాకుమారులుగా మిగిల్చాడు. మూడేళ్ల తరువాత అసమాన వివాహాలను, అంటే రాజవంశాలకు చెందని వారితో పెళ్లిళ్లను, పూర్తిగా నిషేధించాడు. 1911లో రెండవ నికోలస్ ఆ నిషేధాన్ని గ్రాండ్ డ్యూకులకే పరిమితం చేశాడు. అదే ఏడాది రాకుమారి తాత్యానా జార్జియా పాత రాజవంశమైన బగ్రాతియోన్ వారి యువకుణ్ణి పెళ్లాడింది. ఆ పెళ్లిని సమాన వివాహంగా లెక్కించలేదు. ఆమె వారసత్వ హక్కును వదులుకుంది. ఈ బగ్రాతియోన్ పేరు మళ్లీ వస్తుంది.

1917 మార్చిలో నికోలస్ తన తరఫున, రక్తం గడ్డకట్టని హీమోఫిలియా వ్యాధితో బాధపడే కొడుకు అలెక్సేయ్ తరఫున కూడా సింహాసనం వదులుకుని తమ్ముడు మిఖాయిల్‌కు అప్పగించాడు. కొడుకు హక్కును తండ్రి వదులుకోవచ్చునని పావెల్ శాసనంలో ఎక్కడా లేదు. ఆ విడ్డూరాన్ని ఎత్తిచూపడానికి కూడా ఎవరికీ వ్యవధి దొరకలేదు. రాజ్యాంగ సభ నిర్ణయిస్తే తప్ప అధికారం స్వీకరించనని మరునాడే మిఖాయిల్ ప్రకటించాడు. 1918 జూన్‌లో పెర్మ్ దగ్గర అతన్ని, జూలైలో నికోలస్ కుటుంబాన్ని చంపేశారు. ఆ తరువాతి నెలల్లో మరికొందరు గ్రాండ్ డ్యూకులు బలయ్యారు.

వరుస ప్రకారం తరువాతివాడు రెండవ అలెగ్జాండర్ మనవడు కిరిల్. ఆయన అర్హత మీద మొదటి నుంచీ ప్రశ్నలున్నాయి. తల్లి పెళ్లినాటికి లూథరన్, ఆర్థడాక్స్ మతంలోకి మారింది చాలా ఏళ్ల తరువాత 1908లో. సింహాసనానికి వారసులు కాగలవారు పెళ్లాడే స్త్రీ ముందే మతం మారాలని మౌలిక చట్టాలు చెప్పాయి. కిరిల్ తానుగా 1905లో పెళ్లాడింది విడాకులు పొందిన విక్టోరియా మెలీటాను. ఆమె అతని మేనత్త కూతురు. మన ఇళ్లలో పెద్దలు తామే కుదిర్చే ఈ మేనరికాన్ని ఆర్థడాక్స్ చర్చి అనుమతించదు. నికోలస్ ఆగ్రహించి అతన్ని నౌకాదళం నుంచి తొలగించాడు, కొన్నేళ్లకు కరుణించాడు. అన్నిటికన్నా పెద్ద మచ్చ 1917లో పడింది. జార్ ఇంకా పదవిలో ఉండగానే కిరిల్ తన దళంతో పార్లమెంటుకు వెళ్లి విధేయత ప్రకటించాడు. అదే మనిషి 1924లో ప్రవాసంలో తనను చక్రవర్తిగా ప్రకటించుకుంటే నికోలస్ తల్లి మరియా ఫ్యోదొరోవ్నా ఒప్పుకోలేదు. కొడుకులు బతికే ఉండవచ్చునన్న ఆశను ఆమె వదులుకోలేదు. ఎందరో ప్రవాసులు మాజీ సేనాధిపతి, గ్రాండ్ డ్యూక్ నికోలాయ్ నికొలాయెవిచ్ వైపు మొగ్గారు.

కిరిల్ 1938లో మరణించాక కొడుకు వ్లాదిమిర్ చక్రవర్తి బిరుదు వాడకుండా అధిపతిగానే చెప్పుకున్నాడు. ఆయన 1948లో పెళ్లాడిన లియోనీదా బగ్రాతియోన్ వంశస్థురాలు. 1911లో చాలదన్న ఆ వంశానికి రాచహోదా ఉందని వ్లాదిమిరే 1946లో గుర్తించాడు. ప్రత్యర్థులు దీన్ని తీర్పరే తన వ్యాజ్యంలో తీర్పు రాసుకున్నట్టుగా చూశారు. నిజానికి బగ్రాతియోనులు రొమానోవుల కన్నా ఎంతో ముందే రాజ్యమేలారు. రష్యా వారి రాజ్యాన్ని కలుపుకుంది గనుకనే వారిని చిన్నచూపు చూశారన్న వాదం నాకు సబబుగానే తోస్తుంది.

ఆ దంపతులకు 1953లో పుట్టిన ఒక్కతే కూతురు మరియా వ్లాదిమిరోవ్నా. మిగతా శాఖల మగవాళ్లంతా అసమాన వివాహాలు చేసుకున్నారు గనుక వారి పిల్లలకు హక్కు లేదని, తన తరువాత మరియాకే చెందుతుందని 1969లో వ్లాదిమిర్ ప్రకటించాడు. మూడు శాఖల పెద్దలు వెంటనే నిరసించారు. 1976లో మరియా జర్మన్ చక్రవర్తి రెండవ విల్హెల్మ్ మునిమనవడు ఫ్రాంజ్ విల్హెల్మ్‌ను పెళ్లాడింది. వారికి 1981లో గియోర్గి పుట్టాడు. అతడు తండ్రి వరుసలో హోహెన్‌జొలెర్న్ వంశస్థుడు, రొమానోవ్ కాడని విమర్శకులు అంటారు. అలా అనే రొమానోవులు కూడా 1762 నాటి కీల్ యువరాజు వారసులేనని మరియా పక్షం బదులిస్తుంది. ఈ జవాబులో పస ఉంది. దౌహిత్రుని ద్వారా ఇంటిపేరు నిలవడం అక్రమమైతే పావెల్‌తోనే కథ చెడింది. కాకపోతే మూడవ పీటర్ పొందినది పాలించే మహారాణి చేతి మీదుగా. గియోర్గికి అలాంటి సింహాసనం లేదు. మిగిలింది పావెల్ శాసనపు ఆధారమే.

మరొక వైపు 1979లో ఏర్పడిన రొమానోవ్ కుటుంబ సంఘం ఉంది. 1998లో సమాధి దగ్గర నిలిచిన నికోలాయ్ రొమానొవిచ్ దాని అధ్యక్షుడు. ఆయన తల్లి షెరెమెత్యేవ్ కుటుంబపు కౌంటెస్, రాచకన్య కాదు. 1911 సడలింపు వల్ల రాకుమారులకు కులీనులతో పెళ్లి హక్కును పోగొట్టదని ఆయన వాదన. చక్రవర్తి కావాలా వద్దా అన్నది రష్యా ప్రజలు తేల్చుకోవాలని సంఘం అంటుంది. నికోలాయ్ 2014లో, తమ్ముడు ద్మిత్రీ 2016 చివరి రోజున కన్నుమూశారు. 1920లకు ముందు పుట్టిన, సమాన వివాహపు సంతానమైన మగవాళ్లలో వ్లాదిమిర్ కాక చివరివాడు వాసిలీ 1989లోనే కాలిఫోర్నియాలో మరణించాడు. వ్లాదిమిర్ 1992లో పోయాక పావెల్ శాసనపు స్త్రీ షరతు అమలులోకి వచ్చిందని మరియా పక్షం చెబుతుంది.

ఈ తగవులో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చగలిగింది తక్కువే. 1993లో అలెగ్జాండ్రా అస్థికలను ఆమె అక్క మనవడైన ప్రిన్స్ ఫిలిప్ రక్తనమూనాతో పోల్చి గుర్తించారు. తాను రెండవ నికోలస్ కుమార్తె అనస్తాసియానని జీవితమంతా చెప్పుకున్న అన్నా ఆండర్సన్‌కు ఆ కుటుంబంతో సంబంధం లేదని 1994లో తేలింది. మిగిలిన ఇద్దరు పిల్లల ఎముకలు 2007లో దొరికాయి. ఎవరు ఎవరి సంతానమో ప్రయోగశాల చెప్పగలదు గాని, ఎవరి పెళ్లి సమానమైనదో చెప్పలేదు.

2021 అక్టోబరు 1న గియోర్గి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సెయింట్ ఐజాక్ కెథెడ్రల్‌లో ఇటలీ యువతి రెబెక్కా బెత్తారీనీని పెళ్లాడాడు. ఆమె రాజవంశీకురాలు కాదు. ఆమెకు దక్కిన బిరుదు గ్రాండ్ డచెస్ కాక ప్రిన్సెస్ మాత్రమే. ఇన్నాళ్లూ ఇతర శాఖలను పక్కన పెట్టడానికి వాడిన 1820 నాటి షరతు ఇప్పుడు అదే శాఖ గుమ్మం ముందుకు వచ్చింది. మరుసటి ఏడాది వారికి కుమారుడు పుట్టాడు.

ఈ చిక్కు ముదిరే కొద్దీ మరో హక్కుదారు పేరు వినిపిస్తోంది. లియోనీదాతో పెళ్లి చెల్లదంటే హక్కు వ్లాదిమిర్ అక్క మరియా కిరిల్లోవ్నా సంతతికి పోతుందన్నది ఆ హక్కుదారు మద్దతుదారుల వాదం. ఆమె మనవడు, జర్మనీలోని లైనింగెన్ రాజకుటుంబానికి చెందిన కార్ల్ ఎమిఖ్, 2013లో ఆర్థడాక్స్ మతం పుచ్చుకోగా రష్యాలోని ఒక రాచరికవాద పార్టీ ఆయన్ను సింహాసన వారసుడిగా ప్రకటించింది. రాచకుటుంబానికి చెందని స్త్రీని పెళ్లాడినందుకు ఆయన 1991లోనే తన సొంత లైనింగెన్ వంశపు పెద్దరికాన్ని తమ్ముడికి పోగొట్టుకున్నాడు.