ఆకాశం కనపడని ఫొటోలు: హాంకాంగ్ టవర్ల వెనక కథ

హాంకాంగ్‌లోని క్వారీ బే దగ్గర 1960ల్లో కట్టిన అయిదు అపార్ట్‌మెంట్ బ్లాకులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మొత్తం రెండు వేలకు పైగా ఫ్లాట్లు. మధ్యలోని ఇరుకు ఆవరణలో నిలబడి ఫోన్ పైకెత్తితే ఎటు చూసినా కిటికీలూ ఏసీ పెట్టెలూ ఆరేసిన బట్టలే. 2014లో ఒక హాలీవుడ్ సినిమాలో కనిపించాక దీనికి 'మాన్‌స్టర్ బిల్డింగ్' అన్న పేరు ఖాయమైపోయింది, ఫొటోల కోసం వచ్చేవాళ్లు విపరీతంగా పెరిగారు. చివరికి 'ఇది ప్రైవేటు స్థలం, ఫొటోలు తీయొద్దు' అని బోర్డు పెట్టాల్సి వచ్చింది. అక్కడ కాపురం ఉంటున్నవాళ్ల విసుగు న్యాయమైనదే. అయితే ఆ గోడలు అలా ఎందుకున్నాయో, వాటిని అలా చూడటం మనకు ఎవరు నేర్పారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1953 క్రిస్మస్ రాత్రి హాంకాంగ్‌లోని షెక్ కిప్ మెయి అనే వాడలో గుడిసెలు తగలబడ్డాయి. చైనా నుంచి తరలివచ్చిన శరణార్థులు అక్కడ కిక్కిరిసి బతికేవాళ్లు. ఒక్క రాత్రిలో 50 వేల మందికి పైగా నిలువ నీడ లేకుండా పోయింది. ఆ తర్వాత బ్రిటిష్ వలస ప్రభుత్వం హడావిడిగా కట్టించినవే 'హెచ్' ఆకారపు పునరావాస బ్లాకులు. 120 చదరపు అడుగుల గది అయిదుగురు పెద్దవాళ్లకు. అంటే మనిషికి 24 చదరపు అడుగులు. పిల్లలను సగం మనిషిగా లెక్కగట్టేవారు. కుళాయిలు, మరుగుదొడ్లు అందరికీ కలిపి. పొయ్యి వెలిగించేది గది బయట వరండాలో. ఈ రోజు మనం ఫొటోల్లో చూసే గళ్ల గళ్ల గోడకు తొలి రూపం అదే.

1972లో గవర్నర్ మెక్లహోస్ పదేళ్ల గృహనిర్మాణ పథకం ప్రకటించాక కట్టడాలు ఊపందుకున్నాయి. భూమి కొరత అంటారు గానీ అది సగం నిజమే. హాంకాంగ్ విస్తీర్ణం సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు. అందులో కట్టడాలున్నది పావు వంతు. మిగతాదాంట్లో కొండలు, రక్షిత ఉద్యానవనాలే ఎక్కువ. భూమి దాదాపు మొత్తం ప్రభుత్వానిదే. లీజులు వేలం వేసి ఖజానా నింపుకునే పద్ధతి కాబట్టి దాన్ని కొంచెం కొంచెంగానే వదిలేవారు. హాంకాంగ్‌ను 1997లో చైనాకు అప్పగించేందుకు బ్రిటన్ చేసుకున్న 1984 ఒప్పందంలో కూడా, అప్పటిదాకా కొత్తగా ఇచ్చే భూమి ఏడాదికి 50 హెక్టార్లకు మించకూడదని రాసుకున్నారు. దొరికిన ముక్కలో ఎంత ఎత్తు వీలైతే అంత లేపడమే బిల్డర్లకు మిగిలింది. హాంకాంగ్‌లో భాగమైన కౌలూన్‌లో మాత్రం అక్కడి కైటాక్ విమానాశ్రయం 1998లో మూతపడే దాకా ఎత్తుకు అడ్డుండేది.

గోడల్లోని ఆ మడతలకూ ఒక కారణం ఉంది. వంటగదికీ బాత్‌రూమ్‌కీ కూడా గాలీ వెలుతురూ రావాలి, కిటికీ ఉండాలి అన్నది అక్కడి నిబంధన. అన్ని ఫ్లాట్లకూ అన్ని కిటికీలు కుదరాలంటే ప్లాన్ శిలువలా విచ్చుకోవాలి, గోడ లోపలికీ బయటికీ మడతపడాలి. ఆ ప్లాన్‌నే 40 అంతస్తుల దాకా మళ్లీ మళ్లీ వేస్తారు. కెమెరాకు అందంగా కనిపించేది ఆ లెక్కే. హైదరాబాద్‌లోనూ 2006 నాటి జీవో 86 ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేసిన ఫలితమే ఇవాళ కోకాపేట డ్రోన్ ఫొటోల్లో కనిపిస్తోంది.

ఇక కెమెరాల సంగతి. కౌలూన్ వాల్డ్ సిటీ అనే కిక్కిరిసిన పాత బస్తీని 1993లో కూల్చడం మొదలుపెట్టే ముందు గ్రెగ్ జిరార్డ్, ఇయాన్ లాంబట్ అనే ఫొటోగ్రాఫర్లు అక్కడి ఇళ్లూ వర్క్‌షాపులూ తిరిగి ఫొటోలు తీశారు. ఆ ఫొటోల నిండా మనుషులే. దీన్ని తలకిందులు చేసినవాడు మైకేల్ వుల్ఫ్. జర్మనీలో పుట్టి 1994లో హాంకాంగ్ చేరిన ఫొటో జర్నలిస్టు. 2003 ప్రాంతంలో టవర్లను దూరం నుంచి తీయడం మొదలుపెట్టి, పైన ఆకాశాన్నీ కింద నేలనూ ఫ్రేములోంచి తీసేశాడు. అంతస్తులు ఎక్కడ మొదలవుతాయో, ఎక్కడ ముగుస్తాయో తెలియదు. చూసేవాడికి ఊపిరాడదు. ఆ ప్రింట్లు గోడంత పెద్దవి. దూరం నుంచి బట్ట మీద అచ్చు వేసిన డిజైన్‌లా ఉంటాయి. దగ్గరికెళితే ఒక కిటికీలో తుడుపు కర్ర, ఇంకో కిటికీకి వేలాడే చొక్కా.

ఆ ఫొటోలు ఇంత పేరు తెచ్చుకున్నాయి గానీ, నా దృష్టిలో వుల్ఫ్ చేసిన అంతకన్నా పెద్ద పని వేరే ఉంది. 2006లో ఆయన షెక్ కిప్ మెయి పాత బ్లాకులు కూల్చకముందే లోపలికి వెళ్లాడు. వంద చదరపు అడుగుల గదులు వంద. ప్రతి గదిలోనూ అక్కడ ఉండే మనిషి, చుట్టూ వాళ్ల సామాను: మంచం, ఫ్యాను, క్యాలెండరు, కప్పుదాకా పేర్చిన పెట్టెలు. కెమెరా వైపు సూటిగా చూసే ఆ ముఖాలను చూశాక బయటి గోడ ఇంకెప్పుడూ డిజైన్‌గా కనపడదు.

ఫోన్లు వచ్చాక జనం అందుకున్నది వుల్ఫ్ మొదటి పద్ధతినే, గోడను డిజైన్‌గా చూడటాన్నే. చోయ్ హంగ్ కాలనీ రంగురంగుల గోడల ముందున్న బాస్కెట్‌బాల్ కోర్టులో ఆడుకునే పిల్లలకన్నా పోజులిచ్చేవాళ్లే ఎక్కువైపోయారు. 1960ల నాటి ఆ కాలనీని దశలవారీగా కూల్చి కొత్తగా కట్టాలని ప్రభుత్వం ఇప్పటికే నిర్ణయించింది.

బయటి నుంచి ఎన్ని ఫొటోలు తీసినా దొరకనిది ఇంకొకటుంది. పాత భవనాల్లో ఒకే ఫ్లాట్‌ను చెక్కలతో, పలచటి గోడలతో మూడు నాలుగు గదులుగా చీల్చి అద్దెకిస్తారు. కొన్నింటికి కిటికీలే ఉండవు. అలాంటి గదుల్లో ఉంటున్నవాళ్లు రెండు లక్షలకు పైనే. బయట వీధిలో నిలబడి చూస్తే అదీ ఒక మామూలు ఫ్లాటే. ఇలాంటి గది కనీసం 8 చదరపు మీటర్లుండాలని, కిటికీ తప్పనిసరని 2025లో చట్టం చేశారు. 8 చదరపు మీటర్లంటే 86 చదరపు అడుగులు. వుల్ఫ్ ఫొటో తీసిన గదికన్నా అది చిన్నది.