కత్తిపీట మీద జిరాక్స్

"కూర కుతకుత ఉడికిస్తాం కదా సార్, కోడిలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉంటే మాత్రం మనకేంటి?" తిరుపతిలో మా పక్కింటావిడ మొన్న ఆదివారం అడిగారు. ఉడికితే అవి చస్తాయి, నిజమే. కానీ చికెన్ కోసిన కత్తిపీట మీదే పచ్చి ఉల్లిపాయలు కోస్తాం. అవి ఉడకవు.

అలా కడుపులోకి వెళ్లిన ఈకోలై అనే బ్యాక్టీరియా మనకు ఏ జబ్బూ చేయకపోవచ్చు. విరేచనాలు కూడా కాకపోవచ్చు. అయినా నాకు టెన్షన్ దాని గురించే. మందులకు లొంగని గుణాన్ని అది పక్క బ్యాక్టీరియాకు ఇచ్చేయగలదు.

లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయని బడిలో చెప్పి అక్కడితో ఆపేస్తాం. బ్యాక్టీరియా మాత్రం పక్కదానికి కూడా ఇస్తుంది! పరీక్షల ముందు ఎస్వీ యూనివర్సిటీ పిల్లలు నోట్స్ జిరాక్స్ తీసుకున్నట్టే. ఆ నోట్స్ పేరు ప్లాస్మిడ్, ఉంగరంలాంటి చిన్న డీఎన్ఏ. పైలస్ అనే సన్నని గొట్టంతో ఒక కణం ఇంకోదాన్ని దగ్గరికి లాక్కుంటుంది. ఉంగరంలోని రెండు పోగుల్లో ఒకటి తెగి అటు జారుతుంది. రెండు కణాలూ తమ దగ్గరున్న పోగుకు జోడీ అల్లుకుంటాయి. ఇచ్చినదాని దగ్గర అసలు అలాగే ఉంటుంది, తీసుకున్నది రేపు ఇంకోదానికి జిరాక్స్ ఇస్తుంది. వేరే కాలేజీవాళ్లకైనా, అంటే వేరే జాతి బ్యాక్టీరియాకైనా సరే. పైగా నాలుగైదు సబ్జెక్టులు కలిపి బైండింగ్ చేసినట్టు, ఒకే ప్లాస్మిడ్‌లో నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు ఉండొచ్చు. అప్పుడు ఒక్క మందు వాడినా అన్నిటికీ లొంగనివే మిగులుతాయి.

2015లో చైనా శాస్త్రవేత్తలు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువును ప్లాస్మిడ్ మీద కనిపెట్టారు. 523 పచ్చి మాంసం నమూనాల్లో 78 చోట్ల ఆ జన్యువున్న ఈకోలై దొరికింది. అది చేసే పని చిత్రమైనది. కొలిస్టిన్ మందుకు ధనావేశం ఉంటుంది, బ్యాక్టీరియా పైపొరలోని లిపిడ్-ఏ అనే కొవ్వు పదార్థానికి రుణావేశం. ఆ ఆకర్షణతోనే మందు అతుక్కుంటుంది. ఈ జన్యువు తయారుచేసే ఎంజైమ్ లిపిడ్-ఏకు ఫాస్ఫోఇథనాలమైన్ అనే రసాయనాన్ని తగిలించి రుణావేశాన్ని తగ్గిస్తుంది. దాంతో మందుకు పట్టు దొరకదు. ఏ మందూ పనిచేయనప్పుడు ఐసీయూలో చివరగా ఎక్కించే మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్నే కోళ్లు త్వరగా బరువెక్కాలని మేతలో కలిపేవారు! మన దేశంలో 2019 జులైలో అలా మేతలో కలపడాన్ని నిషేధించారు.

పసుపు, ఉప్పు వేసి కడిగితే అన్నీ పోతాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. పోవు. కొళాయి కింద కడిగితే ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద కూడా పడతాయి.

ముందు ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ కోసి పక్కన పెట్టుకుని, చికెన్ ఆఖరున కోయమని ఆమెకు చెప్పాను. కత్తిపీటను, చేతులను వెంటనే సబ్బుతో కడుక్కోమన్నాను.