గుండు, కొప్పు, జడ: కత్తి పట్టినోడు చెప్పే అపోహలు - వాస్తవాలు

హన్మకొండల నాకు చిన్న సెలూన్ ఉంది, మూడు కుర్చీలు. మా బాపు పొది సంకల పెట్టుకొని ఊర్లె ఇంటింటికి తిరిగి గీసినోడు, ఏడాదికోసారి కల్లంల వడ్లు కొలిస్తే అదే కూలి. నేను షాపు నడుపుకుంటనే దూరవిద్యల ఎం.ఏ. తెలుగు చేసిన. అందుకే కుర్చీల కూసున్నోళ్ళు జుట్టు గురించి ఏదన్న తప్పు మాట్లాడితే నా నోరు ఊకుండదు. రోజూ వినే వాటిల కొన్ని ఇక్కడ రాస్తున్న.

అపోహ: గుండు కనిపిస్తే గుడికి పోయొచ్చినట్టే.

ఇది నమ్మి నేనే ఒకసారి నాలుక కర్సుకున్న. షాపు పెట్టిన కొత్తల ఒకాయన టోపీ పెట్టుకొని గడ్డానికి వచ్చిండు, టోపీ తీస్తే నున్నటి గుండు. "ఏందన్నా, తిరుపతా, ఏములాడనా? ప్రసాదమేది?" అన్న నవ్వుకుంట. ఆయన అద్దంల నుంచే నన్ను చూసి "బాపు పోయిండు తమ్మీ, మొన్ననే దినాలైనయ్" అన్నడు. ఆ గడ్డం గీసినంతసేపు నాకు ఇంకో మాట రాలే.

వాస్తవం ఏందంటే ఒకటే కత్తి, ఒకటే గుండు, ముచ్చట మాత్రం ప్రతిసారి వేరే. పుట్టెంటికలప్పుడు పిల్లగాడు మేనమామ ఒళ్ళె కూసుంటడు, మొదటి కత్తెర మామది, పిల్లగాడు ఏడుస్తాంటే సుట్టూ అందరు నవ్వుతరు. మొక్కుకు ఏములాడ కల్యాణకట్టల కూసున్నా, మేడారంల జంపన్నవాగు ఒడ్డున కూసున్నా ఎవ్వరూ ఏడ్వరు, నవ్వరు, లైన్ల నిలబడ్డ అలసట, అంతే. దినాల గుండుకు మాత్రం మనిషి తల వంచినంక మళ్ళ లేపడు. ఆ టోపీ ఆయన తర్వాత నేను గుండు కంటె ముందుగాల మీసం చూస్త. తండ్రి బతికుండంగ మీసం తియ్యొద్దని మనకాడ పాత పట్టింపు, కర్మల కొడుకుకు నెత్తితోపాటు మీసం గూడ తీస్తం, మొక్కు గుండుల చానమంది మీసం ఉంచుకుంటరు. ఇప్పటి పోరగాళ్ళు ఉత్తగనే క్లీన్ షేవ్ చేస్తున్నరు కాబట్టి ఈ లెక్క అన్నిసార్లు పనిచెయ్యది.

గుండు ఒక్క మతానిదని గూడ అనుకోకుండ్రి. కాజీపేటల ముస్లిం ఇండ్లల్ల అఖీఖాకు నన్ను పిలుస్తరు, పుట్టిన ఏడోనాడు పిల్లగాని జుట్టు తీసి, ఆ ఎంటికల ఎత్తు వెండి ఖరీదు బీదోళ్ళకు ఇస్తరు. హజ్‌కు పోయిన మగవాళ్ళు నెత్తి గీయించుకుంటరు, లేకుంటె జుట్టు కత్తిరించుకుంటరు. జైన మునులైతే అసలు కత్తే ముట్టరు, చేతితోటి పీకేసుకుంటరు, దాన్నే కేశలోచం అంటరు. కొలనుపాక జైన గుడి మూలవిరాట్టు ఆదినాథుడు, జైనుల మొదటి తీర్థంకరుడు. ఆయన పిడికిట్ల పట్టి పీక్కుంట నాలుగు పిడికిళ్ళు అయినంక, ఐదోది భుజాల మీద మస్తు అందంగ ఉంది ఉంచమని ఇంద్రుడు అడిగిండని జైనులల్ల శ్వేతాంబరులనే శాఖోళ్ళ కథ. అందుకే పాత జైన శిల్పాలల్ల భుజాల మీద కురులు పడి ఉన్నయంటే అది ఆదినాథుడని గుర్తుపడుతరు.

అపోహ: గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగ వస్తది.

రాదు. ఎంటిక కుదురు తోలు లోపల ఉంటది, కత్తి దాన్ని ముట్టనే ముట్టది. కొన సన్నగ ఉండే ఎంటికను అడ్డంగ కోస్తం కాబట్టి మొద్దుగ తగులుతది, గరుకుగ అనిపిస్తది. చిన్న పిల్లల జుట్టు వయసుతోని ఎట్లాగు లావైతది, మనం ఆ పేరు గుండుకు పెడుతం. ఒత్తు కోసమని మళ్ళమళ్ళ గీయించే తల్లులకు నేను చెప్పేది ఒకటే, పసిపిల్లల మాడ మెత్తగ ఉంటది, ఏడాదిన్నర దాక గూడ పట్టొచ్చు అది గట్టిపడటానికి, అక్కడ కత్తి ఆడియ్యాలంటె మాకు గూడ గుండె దడదడ అంటది.

అపోహ: రెండు సుడులుంటె రెండు పెండ్లిలు.

ఉట్టిదే. సుడి తల్లి కడుపుల ఉన్నప్పుడే పడుతది, ఎంటికలు ఏ దిక్కుకు పడుకోవాలో అప్పుడే ఖాయమైతది. రెండు సుడులోనితోని ఇబ్బంది పడేది భార్య కాదు, నేను. సుడి కాడికి వచ్చేసరికి ఎంటిక గిర్రున తిరుగుతది, కత్తిని ఒకదిక్కే గుంజితే తోలు తెగుతది, అందుకే నీళ్ళు ఇంకోసారి కొట్టి, బొటనవేలుతోని తోలును లాగిపట్టి, సుడెంట సుడెంట తిప్పుకుంట రావాలె.

అపోహ: వాలుజడే మన పాత సంప్రదాయం, కొప్పు ముసలోళ్ళది.

రామప్పకు పోయి తల పైకెత్తి చూడుండ్రి. రేచర్ల రుద్రుడు 1213ల కట్టించిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక జనం మస్తు వస్తున్నరు, అందరు మదనికల, అంటే ఆ గుడి మీది ఆడ శిల్పాల, నడుము చూసి, ఎత్తు చెప్పులు చూసి ఫోటో దిగి పోతరు. నేను జుట్టు చూస్త, వృత్తి అసొంటిది. ఆ నల్లరాతి వయసు పిల్లల నెత్తుల మీద నాకు కనిపించినయి బిగించి ముడిచిన కొప్పులు. మా అవ్వ వేసుకునే కొప్పుకు వాటికి ఎక్కువ తేడా లేదు.

ఇంకో ముచ్చట, ఒంటిజడకు మన కావ్యాలల్ల ఉన్న అర్థం శుభమే కాదు. వాల్మీకి సుందరకాండల అశోకవనంల సీతమ్మ ఏకవేణి, దువ్వక, ముడవక, ఒక్క పాయగ మిగిలిన జడ. మొగడు దూరమైన ఆడమనిషి గుర్తు అది. కాళిదాసు మేఘదూతంల యక్షుని భార్య జడ గూడ గంతే, ఆయనొచ్చి తన చేతితోని ఇప్పాలె. సీతమ్మ ప్రాణం విసిగి ఆ జడతోనే ఉరేసుకుందామనుకుంటది. బతుకమ్మల పేర్చే సీతజడ పువ్వును చూసినప్పుడల్లా నాకు ఆ జడ యాదికొస్తది.

అపోహ: పగ తీరేదాక ద్రౌపది పదమూడేండ్లు జుట్టు విరబోసుకునే ఉందని వ్యాసుడు రాసిండు.

నాటకాలు చూసి చూసి మనం గిట్ల ఫిక్సయిపోయినం. దుశ్శాసనుడు జుట్టు పట్టి గుంజింది వ్యాసునిల ఉంది, రాజసూయంల మంత్రజలం పడ్డ జుట్టు అది, అందుకే అంత అవమానం. కాని "రక్తంతోనే ముడుస్త" అనే శపథాన్ని రచ్చకెక్కించింది భట్ట నారాయణుని వేణీసంహారం నాటకం, అందుల భీముడు దుర్యోధనుని రక్తం అంటిన చేతులతోని జడ ముడుస్తడు. వ్యాసుని ఉద్యోగపర్వంల అయితె ఆమె కృష్ణునికి ఎడమచేతితోని జుట్టు పట్టి చూపిస్తది, అది సుగంధాలు అద్దిన నల్లని జుట్టు అని ఉంది, అంటే పదమూడేండ్లు దువ్వెన ముట్టని జుట్టు కాదు.

నాకు అన్నిటికంటె ఇష్టమైంది విరాటపర్వం. అజ్ఞాతవాసంల ఆమె జుట్టును ఎత్తి ముడిచి కుడిపక్కకు దాచుకొని విరాటరాజు భార్య సుదేష్ణ కాడికి పోతది, పోయి ఏమంటది? "నాకు జుట్టు ముడుచుడొస్తది, గంధం నూరుడొస్తది, పూలు గుచ్చుడొస్తది, ఇంతకుముందు ద్రౌపది కాడ పనిచేసిన" అంటది! జుట్టు పట్టి గుంజబడ్డ రాణి ఏడాదిపాటు బతికింది ఇంకొకరి జుట్టు ముడిచి. అంటే మా పనే చేసింది. ఈ ముచ్చట మా సంఘం మీటింగుల చెప్తే ఒక పెద్దాయన లేచి చప్పట్లు కొట్టిండు.

అపోహ: నెత్తిల జడలు కట్టినయంటె ఎల్లమ్మ పూనినట్టు, కత్తి పెడితే చెడు జరుగుతది.

దినాం మనకు యాభై నుంచి నూరు ఎంటికలు రాలుతయి, దువ్వకపోతే అవి కిందికి పడకుండ ఉన్నవాటిలనే చిక్కుకొని, నూనె దుమ్ము పట్టి తాడు లెక్క అయితయి. అంతే. శివుని జటల గంగ ఆగింది, ఒక జట పీకి నేలకు కొడితే వీరభద్రుడు పుట్టిండు, కొత్తకొండ వీరభద్రుని జాతరకు పోయేటోళ్ళందరికి ఈ కథ తెలుసు. కాని ఒకటి గమనించుండ్రి, మగోనికి జడలు కడితే సాధువన్నరు, బీదింటి ఆడపిల్లకు కడితే దేవుని పేరు మీద జోగినిని చేసిండ్రు. దాన్ని ఆపడానికి 1988ల చట్టమే తేవాల్సొచ్చింది. శివసత్తులు జుట్టు విరబోసుకొని ఆడుతాంటె నేను గూడ దండం పెడుత, అది వాళ్ళ భక్తి. చిన్నపిల్ల జుట్టుకు చిక్కు పడితే మాత్రం కొబ్బరినూనె, దువ్వెన, ఓపిక. చిక్కు రాకపోతే కత్తెర.

అపోహ: పోరగాళ్ళ పొడుగు జుట్టు ఫారిన్ ఫ్యాషన్.

ఉల్టా. సిగ మనది, "సిగపట్లు" అనే మాట ఊకె పుట్టలే. ఫారిన్ నుంచి వచ్చింది పొట్టి జుట్టు, పేరే చెప్తది, క్రాపు. మా తాత కాలంల క్రాపు కొట్టించుకొని ఊర్లెకొస్తే ఇంట్ల కొట్లాటలైనయట. చైనాల అయితె 1645ల మంచూ రాజులు ముందర గీసుకొని ఎనుక జడ వేసుకోకపోతే తల తీస్తమన్నరు, ఆ జడనే 1911 విప్లవమప్పుడు కోసేసుకున్నరు.

అపోహ: మంగలోనికేం సంబంధం, గీయమంటె గీస్తడు, పైసలు తీసుకుంటడు.

ఇది కస్టమర్లు కాదు, మావోళ్ళే అంటరు. మొగడు పోయిన ఆడమనిషికి, కొన్ని కులాలల్ల పదేండ్ల పిల్ల అయినా సరే, గుండు గీసేటోళ్ళు. ఆ కత్తి పట్టింది ఎవరు? మనమే. 1890ల బొంబాయిల కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే సభ పెడితే వందల మంది మంగలోళ్ళు వచ్చి, ఇగ వితంతువులకు గుండు గియ్యం అని తీర్మానం చేసిండ్రు. గింజల కూలి మీద బతికేటోళ్ళు పెద్దకులపోళ్ళకు గియ్యమని చెప్పుడు అంటే మామూలు ముచ్చట కాదు, ఆ కూలి ఏందో మా బాపును చూసిన నాకు తెలుసు.

నేను గూడ ఆడవాళ్ళకు గుండు గీస్త. నిరుడు వానకాలం ఒక డిగ్రీ పిల్ల వచ్చింది, కీమో మొదలుపెడుతున్నరట, ఊడి దిండుకు అంటుతాంటె చూసుడెందుకని ముందే తీయించుకుంటనన్నది. వాళ్ళమ్మ లోపలికి రాలే, మెట్ల మీదనే కొంగు నోట్లె పెట్టుకొని కూసున్నది. నేను కుర్చీని అద్దం దిక్కు నుంచి తిప్పబోయిన.

"ఉండనియ్యన్నా," అన్నది, "చూస్త."