నరం తెగినా ఊరిన రసం

వరంగల్, హనుమకొండ కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లలు ఇప్పుడు కప్పను కోయకుండానే డిగ్రీ పూర్తి చేస్తున్నారు. డిసెక్షన్లు ఆపాలని 2014లో యూజీసీ చెప్పింది. మంచి పనే. అయితే జీర్ణక్రియ పాఠంలో 'సెక్రెటిన్' అనే మాటను బట్టీపట్టి వదిలేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. దాని వెనక ఎన్ని కుక్కల ప్రాణాలున్నాయో తెలిసి చదవాలి.

పొట్ట వెనకుండే జీర్ణగ్రంథి క్లోమం మనిషిలో రోజుకు సుమారు లీటరున్నర రసం వదులుతుంది. దాన్ని మొదట పట్టి చూసినవాడు డచ్ వైద్యుడు రెగ్నియర్ డి గ్రాఫ్. 1664లో బతికున్న కుక్క క్లోమనాళంలోకి ఈక గొట్టం దూర్చాడు. తర్వాత ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ కుందేలును ఎంచుకున్నాడు. కుందేలులో క్లోమనాళం, కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే పైత్యనాళానికి చాలా దిగువన పేగులో కలుస్తుంది. కొవ్వు తినిపించి కోసి చూస్తే, క్లోమరసం కలిసే చోటు దాటాకే పేగు నాళాలు పాలలా తెల్లబడ్డాయి. కొవ్వు అరిగేది ఈ రసంతోనని అలా తేలింది.

మరి రసం ఊరమని క్లోమానికి చెప్పేదెవరు? మెదడు నుంచి పొట్టకు వచ్చే వేగస్ నరం అని రష్యాలో పావ్లోవ్ చూపాడు. 1902 జనవరి 16న లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు మత్తిచ్చిన కుక్క పేగులో ఒక ముక్కకు నరాలన్నీ తెంచి, అందులో ఆమ్లం పోశారు. నరం లేకున్నా రసం కారింది! పేగు లోపొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కించినా కారింది. కబురు మోసింది రక్తమే. ఆ పదార్థమే సెక్రెటిన్. ఇలాంటి వాటికి 'హార్మోన్' అన్న పేరును స్టార్లింగ్ 1905లో వాడాడు.

ఈ గొలుసులోనే గోధుమరంగు కుక్క కథ ఉంది. 1902 డిసెంబరులో స్టార్లింగ్ దాని క్లోమనాళం కట్టేశాడు. రెండు నెలలకు అదే కుక్కను బేలిస్ విద్యార్థుల ముందు మళ్లీ కోశాడు. మత్తు సరిగా ఇవ్వలేదని ఇద్దరు స్వీడన్ యువతులు రాశారు. ఆ ఆరోపణను బహిరంగ సభలో చెప్పిన జంతు ప్రయోగాల వ్యతిరేకి స్టీఫెన్ కోలరిడ్జ్‌పై బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచాడు. అయినా 1906లో లండన్‌లోని బాటర్సీలో ఆ కుక్కకు విగ్రహం లేచింది. 1910లో తీసేశారు. కోర్టు తీర్పు ఎటున్నా, ఒకే జంతువును రెండుసార్లు బల్ల ఎక్కించడం తప్పేనని నా అభిప్రాయం.

మన దగ్గర 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ప్రయోగాలపై నియమాలు 1998లో వచ్చాయి. ఇవాళ వరంగల్ ల్యాబులో ఎలుక క్లోమనాళంలో గొట్టం పెట్టాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, మత్తు ఏమిటి అన్నది కాగితం మీద రాసివ్వాలి.