బుక్ చేసిన బండి ఎక్కడుంది? కార్ల కేటాయింపుపై అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఏడేళ్లు, మహబూబ్‌నగర్‌లో ఐదేళ్లు కార్ల షోరూముల్లో పనిచేశాను. ఈ పన్నెండేళ్లలో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న డిస్కౌంట్ గురించి కాదు. "బుక్ చేసి రెండు నెలలాయె, నా బండి ఏడుంది?" అనేదే. మా కుర్రాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే: "వస్తోంది సార్." ఎక్కడి నుంచి వస్తోందో, అసలు బయల్దేరిందో లేదో చాలాసార్లు వాళ్లకూ తెలియదు.

అపోహ: టోకెన్ కట్టగానే ఫ్యాక్టరీలో నా బండి తయారీ మొదలవుతుంది.

లగ్జరీ కంపెనీల్లో కొన్ని అలా చేస్తాయి, అది వేరే లోకం. మనం కొనే మామూలు కార్ల విషయంలో మీ బుకింగ్ డీలర్ కంప్యూటర్లో ఎక్కుతుంది. ఫలానా వేరియంట్, ఫలానా రంగు ఇంతమంది అడుగుతున్నారని కంపెనీకి తెలుస్తుంది. కానీ ఈ నెలలో ఏది ఎన్ని చేయాలన్న ప్లాన్ అప్పటికే ఖాయమై ఉంటుంది. సీట్లు ఒకరు, వైరింగ్ ఒకరు, సన్‌రూఫ్ ఇంకొకరు పంపాలి. వాటిలో ఒక్కటి తక్కువ పడినా ఆ వేరియంట్ ఆగిపోతుంది, పక్క వేరియంట్ నడుస్తూనే ఉంటుంది. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు ఇదే చూశాం. ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్న టాప్ మోడల్ వాళ్లు ఎదురుచూస్తుంటే, వాళ్ల తర్వాత బుక్ చేసిన బేస్ మోడల్ వాళ్లు తాళాలు తీసుకుని వెళ్లిపోయేవారు. "నా ఎనక బుక్ చేసినోనికి ముందెట్ల ఇచ్చిండ్రు?" అని గొడవ.

కొలతలిచ్చి కుట్టించుకునే చొక్కా కాదిది. రెడీమేడ్ షాపులో "నా సైజు వస్తే పక్కన పెట్టన్నా" అని చెప్పి రావడం లాంటిది.

అపోహ: డీలర్ గట్టిగా అడిగితే ఎన్ని బండ్లయినా పంపుతారు. లేదంటున్నాడంటే దాచాడన్నమాట.

డీలర్ ఇండెంట్ (కంపెనీకి పంపే ఆర్డర్) పెడతాడు, పది అడిగితే నాలుగు రావచ్చు. గత నెలల్లో కస్టమర్లకు ఎన్ని అమ్మాడు, యార్డులో ఎన్ని మిగిలాయి, పెండింగ్ బుకింగులెన్ని, టార్గెట్ ఎంత, ఇవన్నీ కలిపి కంపెనీకో లెక్క ఉంటుంది. అడిగినవి తక్కువ రావడం ఒక బాధ, అడగనివి రావడం ఇంకో బాధ.

ఒక జూన్ 28వ తేదీ ఇప్పటికీ గుర్తుంది. ఆషాఢం నడుస్తోంది, షోరూంలో ఈగలు తోలుకుంటున్నాం. కంపెనీ ఏరియా మేనేజర్ ఫోన్ చేశాడు: "క్వార్టర్ ఎండింగ్ కదా, ఇంకో ఆరు తీసుకోండి." ఆరూ మాన్యువల్, అందులో నాలుగు ఆరెంజ్ రంగు. మేము అడిగింది తెల్ల ఆటోమేటిక్. మా ఓనర్ ఫోన్ పెట్టేసి గోడ మీది క్యాలెండర్ వైపు కాసేపు చూసి "పంపమను" అన్నాడు. కాదంటే వచ్చే నెల తెల్లవి తగ్గుతాయి. ఈ మాట ఎవరూ కాగితం మీద రాయరు, కానీ అందరికీ తెలుసు. ఫ్యాక్టరీకి క్వార్టర్ తెలుసు గానీ ఆషాఢం తెలియదు కదా.

బండి ఫ్యాక్టరీ గేటు దాటేలోపే డీలర్ డబ్బు కట్టాలి. ఎక్కువ మంది బ్యాంకు అప్పుతో కడతారు, గడువు దాటితే వడ్డీ పడుతూ ఉంటుంది. ఆ ఆరెంజ్ బండ్ల దుమ్ము రోజూ తుడిపించి, బ్యాటరీ దిగిపోకుండా స్టార్ట్ చేయించేవాళ్లం.

సరిగ్గా అప్పుడే తిప్పర్తి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మేలో వడ్ల పైసలు పడగానే తెల్ల ఆటోమేటిక్ బుక్ చేశాడు, శ్రావణంలో బిడ్డ పెళ్లి. యార్డు చూసి, "ఇన్ని బండ్లు పెట్టుకొని లేదంటరేంది?" అన్నాడు. ఆయన కోపంలో తప్పేం లేదు. చేయి పట్టుకుని ఒక్కో బండి చూపించాను. కావాల్సింది అందులో లేదు. పెళ్లికి అద్దె బండి మాట్లాడుకున్నారు. ఆయన బండి పెళ్లయిన తొమ్మిదో రోజున దిగింది.

ఇలా పేరుకున్న స్టాక్ చిన్నదేం కాదు. 2024 సెప్టెంబర్లో దేశంలోని డీలర్ల దగ్గర 80-85 రోజులకు సరిపడా కార్లున్నాయని డీలర్ల సంఘం ఫాడా చెప్పింది. 21 రోజులది చాలన్నది ఆ సంఘం వాదన. ప్రతి నెలా ఒకటో తేదీన కంపెనీలు "ఇన్ని అమ్మాం" అని చెప్పేది ఎక్కువగా డీలర్లకు పంపిన లెక్క. జనం కొన్నది ఫాడా లెక్క, అది కేంద్ర ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లోని రిజిస్ట్రేషన్ల నుంచి వస్తుంది. చాలా ఏళ్లు మన తెలంగాణ ఆ వాహన్‌లో లేదు కాబట్టి మనం కొన్న కార్లు అందులో కనపడేవే కావు.

మరి డీలర్లు అసలు దాచరా అంటే, దాచరని ప్రమాణం చేయలేను. యాక్సెసరీలు, ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకునేవాళ్లకు ముందు ఇచ్చే షోరూములు ఉన్నాయి. నేను చూశాను.

అపోహ: హైదరాబాద్‌లో బుక్ చేస్తే ముందొస్తుంది.

మన జిల్లా షోరూముల్లో చాలావరకు హైదరాబాద్ డీలర్ల బ్రాంచీలే. కేటాయింపు ఆ డీలర్‌కు మొత్తంగా వస్తుంది, అక్కడి నుంచి బ్రాంచీలకు పంచుతారు. ఎల్బీనగర్‌లో బుక్ చేసినా నల్గొండలో చేసినా ఒకే వరుసలో నిలబడినట్టే కావచ్చు. డీలర్ వేరైతే తేడా ఉండొచ్చు. హైదరాబాద్‌లో క్యాన్సిలేషన్లు ఎక్కువ, అలా వదిలేసిన బండి మీకు తగలొచ్చు.

అపోహ: కియా పెనుకొండలోనే తయారవుతుంది కదా, తొందరగా వస్తుంది.

44వ జాతీయ రహదారి మీద జడ్చర్ల దాటే ట్రైలర్లు చూసి మహబూబ్‌నగర్ వాళ్లు ఈ మాట అంటారు. హర్యానా నుంచి వచ్చే బండితో పోలిస్తే దారిలో కొన్ని రోజులు తగ్గుతాయి, నిజమే. నెలలు గడిచేది దారిలో కాదు, కేటాయింపు దగ్గర.

అపోహ: బుక్ చేసిన రోజు ధరే ఖాయం.

ఇన్‌వాయిస్ (అమ్మకం బిల్లు) వేసిన రోజు ధర, ఆ రోజు పన్ను వర్తిస్తాయి. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగినప్పుడు, ఆగస్టులో బుక్ చేసి ఇన్‌వాయిస్ కాని వాళ్లకూ లాభమే దక్కింది. జనవరిలో ధరలు పెరిగితే అదే రూలు ఎదురు తిరుగుతుంది.

ఇక "వస్తోంది సార్" అన్నప్పుడు ఒక్కటే అడగండి: ఛాసిస్ నంబర్, అంటే ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు నంబర్. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. మారుతిలో చాలావాటిది ఎంఏ3తో, హ్యుందాయ్‌ది ఎంఏఎల్‌తో, టాటాది ఎంఏటీతో మొదలవుతుంది. నంబర్ ఇవ్వలేకపోతే మీ పేరిట ఇంకా బండి పడలేదన్నమాట. బండి దిగాక, డీలర్ ఇచ్చే ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్)లో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. జనవరిలో కొంటుంటే, పోయిన ఏడాది తయారైన బండి కాదని ఆ గడిలో చూశాకే మిగతా డబ్బు కట్టండి.